ఆటిజం: అపోహలు – వాస్తవాలు

ఈ శీర్షికలో సాధారణంగా యంత్రాలను గురించి, విద్యుత్తును గురించి, ఇంటి పనిముట్ల వాడకంలో పాటించవలసిన జాగ్రత్తలను గురించి ముచ్చటించుకుంటూ ఉంటాం. ఈసారి విషయం వేరు. బ్రూక్షాబాద్ పరిసరాలలో నివసిస్తున్న మన ఉద్యోగుల కుటుంబాలలో కొందరు తల్లిదండ్రులు ఆటిజం అనే మాట విని కలవరపడి, దానిని గురించి తెలుగులో వివరంగా వ్రాయవలసిందని కోరారు. నేను వైద్యుడను కాను. అయితే కారణమేది, ఫలితమేది, వాటి నడుమ నిరూపితమైన సంబంధం ఉన్నదా లేదా అని విడదీసి చూడడం ఇంజనీరింగు వృత్తి నేర్పే మొదటి పాఠం. ఆటిజం విషయంలో నేడు మనకు కొరవడినది ఆ విడదీసే చూపే. లోపం ఉన్నది బిడ్డలో కాదు, చాలా సందర్భాలలో బిడ్డను గురించి మనం ఏర్పరచుకున్న అభిప్రాయాలలో అని ఈ క్రింది విషయాలు చదివిన పిమ్మట పాఠకులే గ్రహించగలరు.

ముందుగా ఆటిజం అంటే ఏమిటో చూద్దాం. ఇది మెదడు పెరుగుదలకు సంబంధించిన ఒక భిన్నమైన తీరు. పుట్టుక నుండే ఉంటుంది. జీవితాంతం ఉంటుంది. ఇతరులతో మాటలు, చూపులు, సైగలు కలపడంలో తేడా ఒకటవ లక్షణం. ఒకే పనిని పదే పదే చేయడం, ఒక క్రమానికి గట్టిగా కట్టుబడి ఉండడం, శబ్దం, వెలుతురు, స్పర్శ వంటి వాటిని మనకన్న ఎక్కువగానో తక్కువగానో అనుభవించడం రెండవ లక్షణం. ఈ రెండూ ఏ పాళ్ళలో ఉంటాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. అందుకే 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథాన్ని సవరించినపుడు, అంతకు మునుపు వేరువేరు పేర్లతో పిలిచిన స్థితులన్నింటినీ ఒకే విస్తృత శ్రేణి క్రిందికి తెచ్చింది. ప్రపంచవ్యాప్తంగా చూస్తే సుమారు నూరుమందిలో ఒకరికి ఆటిజం ఉంటుందని స్థూలమైన అంచనా. ఆ లెక్కన మన దీవుల జనాభాలోను, మన పాఠశాలలలోను, మన కార్యాలయాలలోను ఇట్టివారు తప్పక ఉన్నారు. మనకు కనబడకపోవడానికి కారణం వారు లేకపోవడం కాదు, మనం గుర్తించకపోవడం.

మొదటి అపోహ పేరులోనే ఉన్నది. గ్రీకు భాషలో 'ఆటోస్' అంటే తాను, స్వయం. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు బ్లాయిలర్ వేరొక మానసిక వ్యాధి వర్ణనలో ఈ మాటను పుట్టించాడు. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి వ్రాసిన వ్యాసంతో ఇది నేటి అర్థంలో స్థిరపడింది. 1999 నాటి మన జాతీయ న్యాస చట్టం హిందీ పేరులో దీనిని 'స్వపరాయణత' అన్నారు. ఈ పేర్లు విన్నవారికి, ఈ బిడ్డలు తమలో తాము మునిగి ఉంటారని, వారికి అమ్మానాన్నల మీద ప్రేమ ఉండదని, తోడు అక్కరలేదని తోస్తుంది. ఇది నిజం కాదు. పిలిస్తే తిరిగి చూడని బిడ్డ, తండ్రి డ్యూటీ నుండి వచ్చే వేళకు గుమ్మం దగ్గర నిలబడడం ఎందరో తల్లులు చూసినదే. ప్రేమ ఉన్నది. దానిని వ్యక్తం చేసే దారి వేరు. కళ్ళలోకి చూడనంత మాత్రాన వినడం లేదనుకోరాదు. కళ్ళలోకి చూస్తూ మాటలను గ్రహించడం తమకు ఎంతో కష్టమని, చూపు ప్రక్కకు తిప్పుకుంటేనే బాగా వినగలమని ఆటిజం ఉన్న పెద్దలు అనేకులు వ్రాశారు. "నా ముఖం చూసి మాట్లాడు" అని గడ్డం పట్టి తిప్పే ఉపాధ్యాయుడు, నిజానికి ఆ బిడ్డ వినికిడికే అడ్డు తగులుతున్నాడు.

2012లో డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఒక ముఖ్యమైన విషయం ప్రతిపాదించాడు. ఆయన కూడ ఆటిజం ఉన్న వ్యక్తి. ఆటిజం ఉన్నవారు మనలను అర్థం చేసుకోలేరన్నది సగం మాటేనని, మనం కూడ వారిని అర్థం చేసుకోలేకపోతున్నామని, అడ్డు రెండువైపులా ఉన్నదని ఆయన వాదన. తరంగదైర్ఘ్యాలు వేరైన రెండు రేడియోల నడుమ మాట కలవకపోతే, ఒక్క రేడియోనే చెడిపోయిందని మనం అనం కదా.

రెండవ అపోహ తల్లి మీద మోపే నింద. "పిల్లవాడిని పట్టించుకోలేదు, ఉద్యోగమని తిరిగింది, అందుకే ఇలా అయింది" అనే మాట మన ఇళ్ళలో ఇప్పటికీ వినబడుతుంది. ఇది మన అత్తగార్లు కల్పించినది మాత్రమే కాదు. ఒకప్పుడు శాస్త్రం పేరిటే చెలామణి అయింది. తల్లిదండ్రుల చల్లని ప్రవర్తనను కానర్ స్వయంగా ప్రస్తావించాడు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ గ్రంథం ఆ భావాన్ని లోకమంతటా ప్రచారం చేసింది. తల్లిని మంచుపెట్టెతో పోల్చిన ఆ సిద్ధాంతం వలన వేలాది తల్లులు చేయని నేరానికి కుమిలిపోయారు. దానిని ఎదిరించినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి. ఇది శరీర నిర్మాణానికి సంబంధించినదని 1964లోనే ఆయన గ్రంథం వ్రాశాడు. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జంటలలో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం కనబడింది. వేరువేరు అండాల నుండి పుట్టిన 10 జంటలలో ఒక్క జంటలోను ఇద్దరికీ లేదు. ఒకే ఇంట్లో, ఒకే తల్లి పెంపకంలో పెరిగిన కవలలలో ఈ తేడా వచ్చిందంటే, మూలం పెంపకంలో కాక వంశానుగత అంశాలలో ఉన్నదని స్పష్టం. తరువాతి పరిశోధనలన్నీ దీనిని బలపరిచాయి. వంశానుగతం అనగానే తప్పు కోడలి పుట్టింటివారిదని తీర్మానించడం మరొక పొరపాటు. అనేక జన్యువుల కలయిక ఇది. కొన్ని మార్పులు తల్లిలోను, తండ్రిలోను లేకుండా బిడ్డలోనే కొత్తగా వస్తాయి. అలాగే టీవీ, మొబైల్ ఫోన్ చూడడం వలన ఆటిజం వస్తుందనడానికీ రుజువు లేదు. ఏ బిడ్డకైనా తెరను తగ్గించి ఆటలను, మాటలను పెంచడం మంచిదే. ఆ సలహా వేరు, నింద వేరు.

మూడవ అపోహ టీకాలకు సంబంధించినది. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు 12 మంది పిల్లలను ఆధారం చేసుకొని, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే టీకాకు ఆటిజంతో సంబంధం ఉండవచ్చునని 'లాన్సెట్' పత్రికలో వ్రాశాడు. విచారణలో ఆ పని నియమవిరుద్ధంగా జరిగినదని తేలింది. 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. అదే సంవత్సరం వైద్య మండలి ఆయన పేరును జాబితా నుండి తొలగించింది. 2019లో డెన్మార్క్ పరిశోధకులు 6,57,461 మంది పిల్లల వివరాలను పరిశీలించి, ఆ టీకా వేయించుకున్నవారిలో ఆటిజం పెరగలేదని ప్రకటించారు. అయినా భయం మాత్రం పోలేదు. టీకా వేసే వయస్సు, ఆటిజం లక్షణాలు బయటపడే వయస్సు ఒకటే కావడం దీనికి కారణం. కోడి కూసిన తరువాత తెల్లవారుతుంది. అంతమాత్రాన కోడి తెల్లవార్చిందని అనలేం. ద్వీపాలలో తట్టు ప్రబలితే అది ఎంత వేగంగా ప్రాకుతుందో చెప్పనక్కరలేదు. టీకాలను మానరాదు.

నాల్గవ అపోహకు రెండు కొసలు ఉన్నాయి. ఒక కొసన ఆటిజం అంటే బుద్ధిమాంద్యమని, రెండవ కొసన ఆటిజం ఉన్నవారందరూ గణితంలోనో సంగీతంలోనో అసాధారణ ప్రతిభావంతులని అనుకోవడం. రెండవదానికి 1988లో వచ్చిన 'రెయిన్ మ్యాన్' అనే ఇంగ్లీషు చలనచిత్రం చాలవరకు కారణం. వాస్తవానికి ఆటిజం ఉన్నవారిలో మేధాశక్తి మిగతా జనంలో వలెనే పలు స్థాయిలలో ఉంటుంది. కొందరికి బుద్ధిమాంద్యం కూడ తోడై ఉంటుంది. అనేకులకు ఉండదు. అసాధారణ ప్రతిభ కొద్దిమందికే ఉంటుంది. ఈ అపోహ రెండు విధాల హాని చేస్తుంది. మాట రాని బిడ్డకు చదువు దండగని బడి మాన్పిస్తారు. మార్కులు బాగా వచ్చే బిడ్డకైతే ఏ సాయమూ అక్కరలేదని వదిలివేస్తారు. మాట రాకపోవడం, ఆలోచన లేకపోవడం ఒకటి కావు. బొమ్మల కార్డులు, సైగలు, తెర మీద బొమ్మను తాకితే పలికే పరికరాలు నేడు అందుబాటులో ఉన్నాయి. ఇవి వాడితే బిడ్డ సోమరియై మాట నేర్చుకోదన్న భయం కూడ నిరాధారం. చెప్పుకొనే దారి దొరికిన బిడ్డకు మాట మీద ఆసక్తి తగ్గదు.

ఐదవ అపోహ మన దీవులలో ప్రత్యేకంగా బాధ కలిగించేది. ఇక్కడ మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు వింటారు. ఇరుగుపొరుగున బెంగాలీ, తమిళం ఉండనే ఉన్నాయి. బిడ్డకు మాట ఆలస్యమైతే, ఇన్ని భాషల వలననే అయోమయం కలిగిందని, తెలుగు మానివేసి ఒక్క హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. రెండు భాషలు వినే ఆటిజం పిల్లలకు, ఒకే భాష వినే ఆటిజం పిల్లలకు మాట నేర్చుకోవడంలో అందువలన వెనుకబాటు కనబడలేదని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఇక నష్టం సంగతి చూడండి. శ్రీకాకుళం నుండి వచ్చిన నాయనమ్మకు తెలుగు తప్ప రాదు. తల్లికి వచ్చిన ఇంగ్లీషు నాలుగు మాటలు. ఇంట్లో తెలుగు ఆపితే ఆ బిడ్డతో నిండుగా, సహజంగా మాట్లాడేవారే లేకుండా పోతారు. మాటలు అసలే తక్కువైన బిడ్డకు లాలిపాట, ముద్దుమాట, వంటింటి కబురు కూడ దూరం చేయడం న్యాయం కాదు. తల్లి తనకు బాగా వచ్చిన భాషలోనే బిడ్డతో మాట్లాడాలి.

ఆరవ అపోహ ప్రవర్తనను గురించినది. బజారులోనో, ఓడ ఎక్కే రేవులోనో బిడ్డ ఒక్కసారిగా చెవులు మూసుకొని కేకలు పెడితే, "మొండితనం, రెండు తగిలిస్తే సరిపోతుంది" అని చూసేవారు అంటారు. మా భాషలో చెప్పాలంటే, ఫీడరు మీద భారం మితిమీరినపుడు బ్రేకరు ట్రిప్ అవుతుంది. ట్రిప్ అయిన బ్రేకరును కొట్టి దారికి తెచ్చే ఇంజనీరు ఉండడు. భారం ఎక్కడ పెరిగిందో చూసి తగ్గిస్తాడు. ట్యూబులైటు చప్పుడు, మిక్సీ రొద, కుక్కరు కూత, మైకు సెట్టు, యూనిఫారం గరుకుదనం, జనం రద్దీ మనకు పట్టించుకోనక్కరలేనివి. ఆ బిడ్డకు అవన్నీ ఒకేసారి గరిష్ఠ స్థాయిలో వచ్చి మీద పడతాయి. అట్టి వేళ చేయవలసినది తిట్టడం కాదు, ఉపన్యాసం కాదు. శబ్దం లేని చోటుకు తీసుకువెళ్ళి, మాటలు తగ్గించి, కొంతసేపు వదలడమే. చేతులు ఆడించడం, ఊగడం వంటివి కూడ తనను తాను స్థిమితపరచుకొనే ఉపాయాలు. ఎవరికీ దెబ్బ తగలనంతవరకు వాటిని బలవంతంగా మాన్పించనక్కరలేదు.

ఏడవ అపోహ, ఇది మగపిల్లలకే వస్తుందన్నది. మగపిల్లలలో ఎక్కువగా గుర్తించబడుతున్న మాట నిజమే. ఆడపిల్లలు చుట్టూ ఉన్నవారిని గమనించి అనుకరించి, తమ కష్టాన్ని కప్పిపుచ్చుకుంటారు. "బుద్ధిమంతురాలు, నెమ్మదస్తురాలు" అన్న మెప్పు వెనుక రోజంతా నటించిన అలసట ఉంటుంది. అట్టివారిలో కొందరికి పెద్దయిన తరువాత దిగులు, ఆందోళన వ్యాధి రూపం దాలుస్తాయి. అసలు కారణం ముప్పయ్యవ ఏటనో నలభయ్యవ ఏటనో తెలియవస్తుంది. "పెళ్ళి చేస్తే కుదురుకుంటుంది" అన్న మాట ఇట్టి సందర్భాలలో రెండు కుటుంబాలకు ముప్పు తెస్తుంది.

ఎనిమిదవది, మందుతో నయమవుతుందన్న ఆశ. ఆటిజం జ్వరం వలె వచ్చి పోయేది కాదు. మాట, పని, తన పనులు తాను చేసుకోవడం నేర్పే శిక్షణలు మేలు చేస్తాయి. నిద్రలేమి, మూర్ఛ వంటివి తోడైతే వాటికి వైద్యం ఉన్నది. ఆటిజాన్నే తొలగిస్తామని లక్షలు అడిగేవారి విషయంలో జాగ్రత్త అవసరం. మూలకణ చికిత్సను ఆటిజానికి సిఫారసు చేయలేమని, దానిని ప్రచారం చేయడం వృత్తి నియమాలకు విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తెలిపింది. భవిష్యనిధి నుండి అప్పు తీసి ఇట్టివాటిపై వెచ్చించేముందు ఉద్యోగులు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవాలి.

ఇక దీవులలో ఉన్నవారు తప్పక తెలుసుకోవలసిన అపాయం ఒకటి ఉన్నది. ఆటిజం ఉన్న పిల్లలలో అనేకులు పెద్దల కన్నుగప్పి ఇంటి నుండి బయటకు నడిచిపోతారు. నీరు వారిని ఎంతగానో ఆకర్షిస్తుంది. ఇట్టి పిల్లల ప్రమాద మరణాలలో నీట మునగడం ప్రధాన కారణమని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపాయి. మనకు ఏ ఇంటికీ సముద్రం దూరం కాదు. వానకాలంలో కాలువలు, గుంటలు నిండి ఉంటాయి. గేటుకు బిడ్డ చేతికి అందనంత ఎత్తులో గడియ అమర్చుకోవడం, ఇరుగుపొరుగు వారికి ముందే చెప్పి ఉంచడం, బిడ్డ జేబులో ఫోన్ నంబరు చీటీ పెట్టడం, వీలైనంత చిన్నతనంలోనే ఈత నేర్పించడం చేయాలి. బిడ్డ కనబడకపోతే ముందుగా వెదకవలసినది నీటి అంచునే. విషయం దాచుకున్న కుటుంబానికి ఇరుగుపొరుగు సాయం అందదు. అపోహ వలన కలిగే సిగ్గు ప్రాణం మీదికి తేగలదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

గుర్తించడం ఎలా? ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకు కూడ కావలసినదాన్ని వ్రేలితో చూపకపోవడం, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలకకపోవడం, వచ్చిన మాటలు ఏ వయస్సులోనైనా పోవడం గమనించదగిన సూచనలు. వీటిలో ఏది కనబడినా ఆటిజమేనని నిర్ధారించరాదు. వినికిడి పరీక్ష కూడ చేయించాలి. "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాట వచ్చింది" అని రెండేళ్ళు ఆగడం మాత్రం తగదు. శ్రీ విజయపురంలో (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) జి.బి. పంత్ ఆసుపత్రి పిల్లల వైద్యులను తొలుత సంప్రదించవచ్చు. చెన్నై దగ్గర ముట్టుకాడులోని జాతీయ బహుళ వైకల్య సాధికార సంస్థ ఆధ్వర్యంలో మన దీవులకు సంయుక్త ప్రాంతీయ కేంద్రం ఏర్పాటయింది. ఆంధ్ర, తెలంగాణలకు సెలవుపై వెళ్ళేవారికి 1984లో స్థాపితమైన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ లోని జాతీయ సంస్థ ఉన్నది. దాని ఆధ్వర్యంలో నెల్లూరులో కూడ కేంద్రం ఉన్నది. మన దేశంలో నిర్ధారణకు 40 అంశాలు గల భారతీయ కొలమానం వాడుకలో ఉన్నది. దాని ఆధారంగానే ధ్రువపత్రం ఇస్తారు.

చట్టం సంగతి కూడ తెలుసుకుందాం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో జాతీయ న్యాస చట్టం దానిని చేర్చింది. పద్దెనిమిదేళ్ళు దాటిన తరువాత కూడ సంరక్షకుని నియమించుకొనే వీలు ఆ చట్టం ద్వారానే కలిగింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషను ఉండగా, అందులో ఆటిజం కూడ చేరిన వర్గాలకు కలిపి 1 శాతం కేటాయించారు. ప్రభుత్వరంగ సంస్థలకూ ఇది వర్తిస్తుంది. ఇట్టి బిడ్డలను పోషిస్తున్న కేంద్ర ప్రభుత్వోద్యోగులను సాధారణ బదిలీల నుండి మినహాయించవచ్చునని 2014లోను, తిరిగి 2018లోను ఉత్తర్వులు వెలువడ్డాయి. ప్రభుత్వరంగ సంస్థలకు ఎవరి నియమాలు వారికి ఉంటాయి కనుక, బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చేవరకు ఆగక సిబ్బంది విభాగాన్ని ముందుగానే సంప్రదించడం మేలు. అలవాటైన ఇల్లు, బడి, టీచరమ్మ ఒక్కసారిగా మారడం ఆ బిడ్డకు ఎంత కష్టమో, బదిలీని నిర్ణయించే అధికారులకు కూడ తెలియాలి. ప్రయాణం తప్పనిసరైతే ఓడ, పడక, కొత్త ఇల్లు ఫోటోలను రోజూ వరుసగా చూపి, క్యాలెండరులో రోజులు కొట్టివేయిస్తూ సిద్ధం చేయవచ్చు.

చివరిగా మన కార్యాలయాల మాట. ఆటిజం ఉన్న పిల్లలు పెద్దవారవుతారు, ఉద్యోగాలు చేస్తారు. ఎవరితోను కలవక, టీ విరామంలో ఒంటరిగా కూర్చొని, ఉన్నదున్నట్లు ముఖం మీద చెప్పి, తన రిజిస్టరులో అంకె తప్పనివ్వని ఉద్యోగి మనలో ఎవరి విభాగంలోనైనా ఉండవచ్చు. ఆయనకు ఆటిజం ఉన్నదని మనం ముద్ర వేయనక్కరలేదు. ఆ పని వైద్యులది. ఆదేశాన్ని నోటి మాటగా కాక వ్రాతపూర్వకంగా ఇవ్వడం, కార్యక్రమం మారితే ముందురోజే చెప్పడం, కూర్చొనే చోటు రద్దీకి కొంచెం ఎడంగా ఉంచడం, నలుగురిలో పరిహాసం చేయకపోవడం పైసా ఖర్చు లేని పనులు. వీటివలన మిగతావారికి కలిగే నష్టమూ లేదు. ఆ ఉద్యోగి మాత్రం ఇంటికి కొంత తక్కువ అలసటతో చేరుకుంటాడు.

ఏటా ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం జరుగుతుంది. 2007లో ఐక్యరాజ్య సమితి తీర్మానించగా 2008 నుండి పాటిస్తున్నారు. ఆ రోజున నీలి దీపాలు వెలిగించడం కన్న, మన క్వార్టర్లలో ఒక బిడ్డ పుట్టినరోజు పిలుపు మరొక బిడ్డకు కూడ అందేలా చూడడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఎందుకంటే ఇట్టి కుటుంబాలు చెప్పుకొనే కష్టాలలో పెద్దది బిడ్డ ప్రవర్తన కాదు. పిలుపులు మానివేసిన ఇరుగుపొరుగు.

వచ్చే సంచికలో వానకాలంలో ఇళ్ళలో పాటించవలసిన విద్యుత్ జాగ్రత్తలను గురించి తెలుసుకుందాం.